‘హోలిస్టిక్, ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్’ కౌన్సెలింగ్ అంటే ఏం చేస్తారు? చిన్నప్పటివన్నీ చెప్పాల్సిందేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఉద్యోగం, ముప్పై దాటిన వయసు. నాన్నగారు తాగొచ్చి అమ్మను కొట్టడం చూస్తూ పెరిగారు, ఆ దెబ్బలు మీకూ తగిలాయి. ఇప్పుడు దూరంగా ఒంటరిగా ఉంటున్నా, రాత్రిపూట కింద బైక్ ఆగిన చప్పుడో, గేటు గడియ చప్పుడో వినపడితే గుండె దడ, చేతులు చల్లబడటం, కడుపులో తిప్పడం. ఈసీజీ, ఎండోస్కోపీ నార్మల్. సైకియాట్రిస్టు ఎస్సిటాలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే టాబ్లెట్ రాశారు, కొంత నయం. ఇప్పుడు ఒక కౌన్సెలర్ బోర్డు మీద ‘హోలిస్టిక్, ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్’ అని చూశారు. ఆవిడ దగ్గరికి వెళ్తే పాతవన్నీ తవ్వుతారా, యోగా చేయిస్తారా, టాబ్లెట్లు మానేయొచ్చా అని మీ ప్రశ్న. సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఇప్పటినుంచే టెన్షన్ అని చివర్లో ఒక మాట రాశారు. నా లెక్కలో అదే అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సూటిగా జవాబు. అన్నీ చెప్పక్కర్లేదు. మొదటి రోజైతే అసలే చెప్పక్కర్లేదు. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ ఆపాలి అనేవి మీ చేతిలో ఉండటమే ఈ పద్ధతికి పునాది. ట్రామా అంటే మనసుకి తగిలిన లోతైన గాయం. ‘ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్’ అనేది ఒక వైద్యం పేరు కాదు, కౌన్సెలర్ మీతో ఎలా మెలగాలి అనేదానికి పేరు. వైద్యం వేరే ఉంటుంది, దాని పేరు మీరు అడిగి తెలుసుకోవాలి. టాబ్లెట్లు మాత్రం కౌన్సెలింగ్ మొదలైంది కదా అని మీ అంతట మీరు ఆపకండి.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, క్లినికల్ సైకాలజిస్టును. కింద చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

ఆ దడ ఎందుకొస్తుందో ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని తమ బలహీనత అనుకుని సిగ్గుపడతారు. ఎనిమిదేళ్ల పిల్లకి గేటు చప్పుడు అందరికంటే ముందు వినపడటం పనికొచ్చే విద్య. అడుగుల తీరును బట్టి ఇవాళ తాగారా లేదా, తమ్ముణ్ని తీసుకుని పెరట్లోకి వెళ్లాలా, పడుకున్నట్టు నటించాలా అని క్షణంలో తేల్చుకోవాలి. ఆ పని ఒళ్లు చేసింది, మిమ్మల్ని కాపాడింది కూడా. చిక్కేమిటంటే ఊరు మారినా, ఇల్లు మారినా, కింద బైక్ ఆపింది ఏ స్విగ్గీ కుర్రాడో అయినా ఒళ్లు అదే పని చేస్తోంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది, అందుకే చేతులు చల్లబడతాయి, జీర్ణం పని ఆగుతుంది, అందుకే కడుపులో తిప్పుతుంది. ఈసీజీ నార్మల్ రావడంలో వింతేమీ లేదు. అంతమాత్రాన ఆ బాధ ఊహ కాదు.

ఇలాంటి బాధకి వైద్యంలో పేరు దొరకడమే ఆలస్యంగా జరిగింది. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా ఉండిపోయే మానసిక బాధ) అనే మాట అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జబ్బుల జాబితాలోకి ఎక్కింది 1980లో, అదీ ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల వల్ల. ఇంట్లో ఏళ్ల తరబడి జరిగే హింస వేరే రకంగా గాయపరుస్తుందని 1992లో జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు గట్టిగా వాదించింది. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అనే పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా అయిన ఐసీడీ-11లో చేరి అమల్లోకి వచ్చింది 2022లో. మీకు ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు, ఆన్‌లైన్లో నాలుగు లైన్లు చదివి ఎవరూ అనకూడదు. అలా పెరిగినవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదు కూడా.

ఇప్పుడు గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. నా గది సంగతే చెప్తాను, మిగతావాళ్లది కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

వచ్చినవాళ్లు కుర్చీ వాళ్లే ఎంచుకుంటారు. తలుపు కనపడేలా కూర్చునేవాళ్లు ఎక్కువ, అందుకే నా కుర్చీ తలుపుకి అడ్డం లేకుండా వేసుకున్నాను. గడియ పెట్టను, కానీ చెప్పకుండా ఎవరూ లోపలికి రారు, టీ కూడా రాదు. మొదటి పది నిమిషాలు నేనే మాట్లాడతాను. ఫీజు ఎంత, ఎంతసేపు, నేనేం రాసుకుంటాను, ఆ కాగితాలు ఎక్కడుంటాయి, ఎవరికి చెప్తాను, ఎవరికి చెప్పను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ విషయాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. దానికి హద్దులున్నాయి, అవీ ముందే చెప్తాను. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే నేను ఊరుకోలేను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం నేను పోలీసులకు తెలియజేయాల్సిందే. ఈ మాట ముందే చెప్పకుండా, అంతా విన్నాక చెప్పే కౌన్సెలర్ ఎంత మంచి మనిషైనా మీ నమ్మకాన్ని దెబ్బతీసినట్టే.

ఆ తర్వాత ఒక ఒప్పందం. ‘ఇది వద్దు’ అనడానికి కారణం చెప్పక్కర్లేదు, చెయ్యి కాస్త పైకెత్తితే చాలు, నేను వేరే విషయంలోకి వెళ్తాను. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ ‘వద్దు’ అంటే దెబ్బలు తిన్న ఇంట్లో పెరిగినవాళ్లు ఆ చెయ్యి ఎత్తడానికే కొన్ని వారాలు తీసుకుంటారు. ఎత్తిన రోజున నేను నిజంగా ఆపానా లేదా అని చూస్తారు. ఆ రోజు జరిగే పని ఏ ఎక్సర్‌సైజుకీ తీసిపోదు.

చివరి పది నిమిషాలు బరువైన విషయాలు ముట్టుకోను. ఇప్పుడెలా ఇంటికి వెళ్తున్నారు, బండి నడపగలరా, రాత్రి తోడెవరు అని అడిగి పంపిస్తాను. మీకు నా సలహా కూడా అదే. సెషన్ అయిన గంటకే ఆఫీసు మీటింగ్ పెట్టుకోకండి.

కళ్లు మూసుకుని ధ్యానం, ఊపిరి మీద ధ్యాస ఇవి అందరికీ పడవు. ఒక ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చింది. కాలేజీలో ధ్యానం క్లాసు పెట్టినప్పటినుంచి రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. అందరికీ ప్రశాంతంగా ఉంటే నాకే ఎందుకిలా అని ఏడ్చింది. కళ్లు మూసుకుంటే చుట్టూ ఎవరున్నారో తెలియదు, కొందరికి ఆ తెలియకపోవడమే భయం. గొంతు పట్టుకున్న అనుభవం ఉన్నవాళ్లకి ఊపిరిని గమనించమంటే ఊపిరాడనట్టే అవుతుంది. ఆ అమ్మాయికి కళ్లు తెరిచే ఉంచి, అరికాళ్లు చల్లటి గచ్చుకి ఆనించి, గదిలో నీలం రంగు ఎక్కడెక్కడ ఉందో వెతికే పని ఇచ్చాను. అది పనిచేసింది. మీకు ప్రాణాయామం అలవాటై, హాయిగా ఉంటే మానక్కర్లేదు. పడకపోతే అది మీ లోపం కాదు, చెప్పేయండి.

‘హోలిస్టిక్’ సంగతి. ఈ మాటకి మన దగ్గర చాలా బోర్డులు వేలాడుతున్నాయి. స్ఫటికాలు, చక్రాలు, గతజన్మ రిగ్రెషన్, ‘మందుల్లేకుండా డిప్రెషన్ మాయం’. ఇవి నా దృష్టిలో హోలిస్టిక్ కావు. ముఖ్యంగా హిప్నాసిస్‌తో మరిచిపోయిన జ్ఞాపకాలు బయటికి తీస్తామనే వాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. అలాంటి స్థితిలో జరగనివి కూడా జరిగినట్టు జ్ఞాపకం ఏర్పడగలదని పరిశోధనల్లో తేలింది, దానివల్ల కుటుంబాలు చెదిరిపోయిన ఉదంతాలు అమెరికాలో 1990ల్లో కోర్టుల దాకా వెళ్లాయి.

నేను ఆ మాటని వాడేది మామూలు అర్థంలో, మనిషి మొత్తాన్ని చూడటం అని. ఎన్నింటికి పడుకుంటున్నారు? అమెరికా క్లయింట్ల కోసం నైట్ షిఫ్టా? టీలు ఎన్ని? సాయంత్రం ఆరు తర్వాత కాఫీ ఉందా? నెలసరికి ముందు వారం దడ ఎక్కువవుతోందా? థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 ఈమధ్య చూపించారా? థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం వస్తాయి, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. ఆ రెండూ చూడకుండా అంతా బాల్యం మీదకి తోసేయడం కూడా పొరపాటే. ఇంకా అడుగుతాను. ఊరికి నెలనెలా డబ్బు పంపుతున్నారా? అప్పులున్నాయా? ఏదైనా అయితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తారు? గుడికో చర్చికో మసీదుకో వెళ్తే తేలికగా ఉంటుందా, లేక అక్కడ ‘తండ్రిని క్షమించు’ అనే మాటలు విని ఇంకా బరువవుతోందా?

క్షమించడం గురించి ఒక మాట. మన బంధువులంతా మొదట చెప్పేది అదే. ‘ఎంతైనా కన్న తండ్రి, పెద్దాయన అయిపోయాడు, ఇంకా ఎన్నాళ్లు మనసులో పెట్టుకుంటావు?’ క్షమిస్తేనే నయమవుతుందన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు. క్షమించాలనిపిస్తే క్షమించండి, లేకపోయినా నయమవుతుంది. రెండూ చూశాను.

మనిషి మొత్తాన్ని చూడటం అంటే ఒక్కోసారి ఎంత మామూలు పనిగా ఉంటుందో చూడండి. కడుపులో మంట అని ఎంతమంది డాక్టర్ల దగ్గరికో తిరిగి ఒకావిడ వచ్చారు, యాభై దగ్గర వయసు. పక్కన భర్త, ప్రశ్న ఆవిడని అడిగితే జవాబు ఆయన చెప్తున్నాడు. ఆయన్ని మర్యాదగానే బయట కూర్చోమన్నాను. రెండు మూడు సార్లు నిద్ర గురించే మాట్లాడుకున్నాం, ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ఒక రోజు మెల్లగా, తను పడుకునే గదికి లోపల గడియ లేదని, ఉమ్మడి కుటుంబంలో కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రాత్రి ఏదో జరిగిందని అన్నారు. ఏం జరిగిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ముందు ఆ తలుపుకి గడియ పెట్టించుకోగలరా అని అడిగాను. పెట్టించుకోవడానికి భర్తకి ఏం కారణం చెప్పాలి, వడ్రంగిని ఎవరు పిలవాలి అని ఒక సెషన్ మొత్తం దాని మీదే గడిచింది. గడియ బిగించాక నిద్ర మారింది, నిద్ర మారాక మంట తగ్గింది. అసలు సంగతి ఆవిడ చెప్పింది చాలా నెలల తర్వాత, తనకి చెప్పాలనిపించి.

అయితే దీన్ని చూసి ‘నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా’ అనేదే మంచి పద్ధతి అనుకోకండి. ఇక్కడే మా వాళ్లలో కొందరితో నాకు పేచీ. ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం అని జూడిత్ హెర్మన్ మూడు దశలు చెప్పింది. అది మంచి దారే. కానీ భద్రత అనే మొదటి దశలోనే ఏడాది, రెండేళ్లు ఊపిరి ఎక్సర్‌సైజులతో గడిపేసి, అసలు విషయం జోలికి పోని కౌన్సెలింగులు ఉన్నాయి. అది జాగ్రత్త కాదు, కౌన్సెలర్ భయం. రుజువులున్న వైద్యాలు ట్రామా మీద నేరుగా పనిచేసేవే. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ గాయం చుట్టూ అల్లుకున్న ఆలోచనల్ని నేరుగా పట్టుకునే మాటల వైద్యం), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి) ఈ రెంటినీ పెద్దవాళ్ల పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. బ్రిటన్‌లోని నైస్ అనే ప్రభుత్వ వైద్య సలహా సంస్థ మార్గదర్శకాలు 2018లో మామూలుగా 8 నుంచి 12 సెషన్లు అని రాశాయి, ఏళ్ల తరబడి జరిగినవైతే ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

ఉదాహరణకి ఒక లారీ డ్రైవరు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద యాక్సిడెంట్, పక్కన ఉన్న క్లీనరు చనిపోయాడు. స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు. అతనికి ఇల్లు బాగుంది, భార్య తోడుంది, తాగుడు లేదు. నెలల తరబడి పునాదులు వేయాల్సిన పని లేదు. మూడో సెషన్‌లోనే ఆ రాత్రి సంగతి మొదలుపెట్టాం, అతని ఒప్పుదలతోనే. మళ్లీ మళ్లీ చెప్పించాను. ప్రతిసారీ ఎదుటి బండి హారన్ దగ్గర ఆగిపోయేవాడు, ఆ ఒక్క చోట ‘నేను ఎడమకి కోసుంటే’ అనే మాట ఇరుక్కుని ఉంది. ఆ మాటనే పట్టుకుని, అప్పుడు ఎంత టైముంది, ఎడమ పక్క ఏముంది అని కాగితం మీద రోడ్డు గీసి చూశాం. ఎడమ పక్క కల్వర్టు గోడ. ఇంటి పని కూడా ఇచ్చాను. ముందు బావమరిది నడుపుతుంటే పక్కన కూర్చుని నందిగామ దాకా, తర్వాత కోదాడ దాకా, ఆ తర్వాత తనే. ఇప్పుడు బండి నడుపుతున్నాడు, రాత్రి ట్రిప్పులు మాత్రం ఒప్పుకోవడం లేదు. అది అతని ఇష్టం.

మీది ఒక్క రాత్రి సంగతి కాదు కాబట్టి మీ దారి ఇతనిదానికీ ఆవిడదానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మంచి కౌన్సెలర్ అయితే రెండు మూడు సెషన్లలో ‘మనం ఇలా వెళ్దాం, ఇన్ని వారాలకి ఒకసారి ఆగి చూసుకుందాం’ అని ఒక ప్లాను చెప్పాలి.

టాబ్లెట్ల గురించి. ఎస్సిటాలోప్రామ్ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, నిద్ర చెడటం రావచ్చు. అవి వచ్చి మీరు ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకుంటారు. ఆపాలనుకుంటే రాసిన డాక్టరుతో మాట్లాడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. నిద్రకని అల్ప్రాజోలామ్ లాంటిది కూడా ఇచ్చి ఉంటే, రోజూ వాడుతున్నదాన్ని ఒక్కసారి మానేయడం ఇంకా ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. అది ఎక్కువకాలం వాడాల్సిన మందు కూడా కాదు, ఎన్నాళ్లు అని డాక్టర్ని అడగండి. కౌన్సెలరుకి మందులు ఆపమనే అధికారం లేదు. ఆపమన్నవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

ఇక సంక్రాంతి. పాత సంగతులకంటే ముందు దీన్ని పట్టుకోమంటాను, ఎందుకంటే ఇది తేదీ ఉన్న సమస్య. వెళ్లాలా వద్దా అనేది మీ నిర్ణయం. రెండింటికీ ఇబ్బందులున్నాయి, వెళ్లకపోతే అమ్మ బాధపడుతుందని మీరే రాశారు. వెళ్తే ఇలా ఆలోచించండి: నాలుగు రోజులూ ఉండాలా, భోగి ఉదయం వెళ్లి పండగ సాయంత్రం వచ్చేయొచ్చా? తిరుగు టికెట్టు ముందే బుక్ చేసుకుని, ఆ తేదీ అందరికీ ముందే చెప్పేయండి. రాత్రి పడక ఎక్కడ, ఆ ఇంట్లోనేనా, పిన్ని వాళ్లింట్లోనా? ఆయన తాగే టైముకి మీరు ఎక్కడుంటారు? గొడవ మొదలైతే తమ్ముడు ఏం చేస్తాడు, మీరేం చేస్తారు? మొదటి సెషన్‌కి ఇదొక్కటే తీసుకెళ్లండి. కౌన్సెలర్ దీన్ని వదిలేసి ‘మీ మొదటి జ్ఞాపకం చెప్పండి’ అంటే, ఆవిడ బోర్డు మీద ఏం రాసుకున్నా ఆవిడది ఆ పద్ధతి కాదు.

అమ్మగారు ఇప్పటికీ దెబ్బలు తింటున్నారా లేదా మీరు రాయలేదు. తింటుంటే, అది గతం కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. 2005 గృహహింస చట్టం కింద జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు. కానీ కేసు పెట్టాలా వద్దా అనేది అమ్మగారు తేల్చుకోవాలి. మీరు ఆవిడ తరఫున తేల్చేస్తే, ఆవిడ జీవితంలో ఆవిడ మాట లేకుండా నిర్ణయించేవాళ్లలో మీరూ ఒకరవుతారు.

ఫోన్‌లో అడగాల్సినవి. మీ చదువేమిటి, ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే ఇవ్వాలి. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం మన దేశంలో ఇన్నాళ్లూ ఎవరైనా పెట్టుకోగలిగారు. 2021లో వచ్చిన చట్టం ఈ వృత్తినీ పరిధిలోకి తెచ్చింది గానీ అమలు ఇంకా కుదురుకోలేదు, అందుకే అడిగి తెలుసుకునే భారం మీ మీద పడుతోంది. ట్రామాకి మీరు చేసే వైద్యం పేరేమిటి? మీ పనిని పైనుంచి చూసే సీనియర్ ఎవరైనా ఉన్నారా? నా సైకియాట్రిస్టుతో, నేను ఒప్పుకుంటే, మాట్లాడతారా? ఈ ప్రశ్నలకి విసుక్కుంటే అదే మీకు జవాబు.

బాల్యం మీద పది ప్రశ్నలిచ్చి స్కోరు వేసి, ‘మీకు ఏడొచ్చింది, అందుకే ఇలా ఉన్నారు’ అనేవాళ్లు ఈమధ్య తయారయ్యారు. ఆ ప్రశ్నలు 1998లో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు అమెరికాలో వేలమంది మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చినవి. జనాభా మొత్తంలో బాల్యపు కష్టాలకీ పెద్దయ్యాక వచ్చే జబ్బులకీ సంబంధం చూపించిన గొప్ప పని అది. ఒక మనిషి జాతకం చెప్పడానికి చేసింది కాదు.

డబ్బు ఇబ్బంది అయితే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ కూడా ఉంది, ఆ పేరు వినగానే మనవాళ్లు నవ్వే నవ్వుని పట్టించుకోకండి. బతకాలని లేదు అనిపించే రాత్రి ఏదైనా వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, అప్పుడే ఆ నంబరుకి చేయండి, లేదా దగ్గర్లోని హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లండి.

ట్రామా పని మొదలయ్యాక కొన్ని రోజులు కలలు, చిరాకు కాస్త ఎక్కువ కావచ్చు, అది ముందే చెప్పి ఉంచాలి. కానీ వారాల తరబడి ప్రతి సెషన్ తర్వాతా రెండు మూడు రోజులు ఆఫీసుకి వెళ్లలేని స్థితి వస్తుంటే వేగం ఎక్కువైందని అర్థం, ఆవిడకి చెప్పండి. చెప్పినా మారకపోతే మీరు మారండి. మీ వివరాల సారాంశం రాసిమ్మని అడగండి, కొత్తవాళ్ల దగ్గర మొదటినుంచీ మళ్లీ చెప్పుకోవాల్సిన పని తప్పుతుంది.